హిసాబ్ అడిగితే నమక్‌హరామా?

2023 నవంబరు. శాసనసభ ఎన్నికల ప్రచారం చివరికొచ్చింది. తెలంగాణలోని మా జిల్లా కేంద్రంలో, ఈద్గా వెనక మొహల్లాలో, ఇషా నమాజు అయ్యాక గల్లీకి అడ్డంగా కుర్చీలు వేశారు. అభ్యర్థిగారు వచ్చారు. నెత్తిన టోపీ, మెడలో గులాబీల దండ. 'అస్సలాము అలైకుం' అన్నారు. అందరం సంతోషించాం. మా సలాం మాకు చెబితే మేం ఎంత పొంగిపోతామో వాళ్లకి బాగా తెలుసు.

మగవాళ్లం కుర్చీల్లో కూర్చున్నాం. ఆడవాళ్లు గుమ్మాల దగ్గర, పరదాల వెనక. ఉపన్యాసం అయిపోయి చాయ్ కప్పులు తిరుగుతున్నప్పుడు ఓ గుమ్మం దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది. భర్త పోయిన మనిషి. బట్టలు కుట్టి బతుకుతుంది. కూతురు ఇంజనీరింగ్ పూర్తి చేసింది. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రెండేళ్లుగా రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. 'సాబ్, మేరీ బచ్చీకా సర్టిఫికెట్ కబ్ మిల్తా?' అని అడిగింది. అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఎప్పుడు అని మాత్రం అడిగింది.

అభ్యర్థిగారు నవ్వారు. 'ముందు గెలిపించమ్మా, అన్నీ అయిపోతాయి' అన్నారు. ఆమె ఇంకా ఏదో అనబోయింది. ఈలోగా మా పెద్దమనిషి ఒకాయన లేచి, 'చుప్ బైఠో అమ్మా! మన కోసం ఇంత చేసినవాళ్లని పట్టుకుని ఇలా నిలదీస్తారా? నమక్‌హరామీ అంటారు దీన్ని' అని కసిరాడు. పరదా పడిపోయింది. చాయ్ మళ్లీ తిరిగింది.

మేం కూడా అక్కడే ఉన్నాం. చేతిలో నోట్‌బుక్ ఉంది. ఆ రాత్రి ఆఫీసుకెళ్లి వార్త రాశాం. అందులో అభ్యర్థి హామీలున్నాయి, జనం చప్పట్లున్నాయి. ఆమె ప్రశ్న లేదు. పెద్దమనిషి నోటితో కసిరాడు, మేం కలంతో కసిరాం. ఈ వ్యాసం ఆ రాత్రి మేం రాయని వాక్యం దగ్గర మొదలవుతుంది.

నమక్‌హరాం అంటే తిన్న ఉప్పుకి ద్రోహం చేసినవాడు. సరే. అయితే ముందు తేల్చుకోవాల్సింది, ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారన్నది. ఆ తల్లి కొనే దారం రీలు మీద పన్నుంది. సబ్బు మీద పన్నుంది. ఫోన్ రీఛార్జి మీద పన్నుంది. ఆ పన్నుల్లోంచే ఎమ్మెల్యే జీతం, మంత్రి కారు, కాలేజీకి కట్టే ఫీజు అన్నీ వెళతాయి. ఉప్పు ఆమెది. తింటున్నది వేరేవాళ్లు. ఉప్పు పెట్టిన మనిషిని పట్టుకుని నమక్‌హరాం అనగలిగామంటే మా బుర్రలు ఎంత తలకిందులయ్యాయో చూడండి.

రెండు భాషల మధ్య బతికే వాళ్లం కాబట్టి మాకో మాట తరచూ గుర్తొస్తుంటుంది. తెలుగులో లెక్కా డొక్కా చూసుకునే మాటల్లో సగం మా ఇంటి వైపు నుంచి వచ్చినవే. జవాబు, జవాబుదారీ, హామీ, జామీను, బాకీ, బకాయి, రసీదు, జమా, ఖర్చు, వసూలు, దరఖాస్తు. ఉర్దూ ఫారసీల నుంచి కచేరీల్లోకి వచ్చి, అక్కడ్నుంచి కరణం దస్త్రాల్లోకి, షావుకారు పద్దుల్లోకి, చివరికి అందరి నోళ్లలోకి చేరాయి. ఈ వరసలో ఫీజు ఒక్కటే ఇంగ్లీషువాడిది. లెక్క అడిగే మాటలన్నీ మా వైపువి. లెక్క అడిగే ధైర్యం మాత్రం మాకు లేకుండా పోయింది.

ఇంకో మాట. ఉర్దూలో మాంగ్నా వేరు, పూఛ్నా వేరు. చెయ్యి చాచడం మాంగ్నా, ప్రశ్నించడం పూఛ్నా. తెలుగులో రెండింటికీ అడగడమే. ఆ తల్లి పూఛ్నా చేసింది. పెద్దమనిషి చెవికి అది మాంగ్నాలా వినిపించింది. మాంగ్నేవాళ్లు మర్యాదగా ఉండాలి కాబట్టి కసిరాడు. ఆలోచిస్తే మా రాజకీయమంతా ఈ రెండు క్రియల మధ్య ఇరుక్కుపోయినట్టుంది. మేం అడిగిందల్లా చేతులు చాచి అడిగిందే. నోరు తెరిచి అడిగింది చాలా తక్కువ.

సరే, అడుగుదామనే అనుకుందాం. ఎవర్ని అడగాలి? ఫీజు ఎందుకింత అంటే కాలేజీ యజమాని ఫీజుల నియంత్రణ కమిటీ వైపు చూపిస్తాడు. మూడేళ్లకోసారి కాలేజీల జమాఖర్చులు చూసి ఆ కమిటీ ఫీజు సిఫారసు చేస్తుంది. ఎందుకింత పెంచారంటే, కాలేజీ చూపించిన ఖర్చును బట్టి, సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాల ప్రకారం అంటుంది. మంత్రిని అడిగితే కమిటీ చెప్పింది, కోర్టు చెప్పింది అంటాడు. బకాయి సంగతి అడిగితే పాత ప్రభుత్వం పెట్టిపోయిందంటాడు. పాత ప్రభుత్వంవాళ్లని అడిగితే మేం దిగిపోయాం కదా అంటారు. కోర్టుని ఓటరు అడగలేడు. ఆ తల్లి ప్రశ్న ఇన్ని గుమ్మాలు తిరిగి మళ్లీ ఆమె గుమ్మానికే వస్తుంది. తప్పు పది చేతులకి పంచితే ఏ చేతికీ మట్టి అంటదు. ఫీజుల వ్యవహారంలో కష్టమంతా ఇక్కడే ఉంది.

ఈ గుమ్మాలు ఒక్కరోజులో లేచినవి కావు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చీ రాగానే క్యాపిటేషన్ ఫీజుని నిషేధించింది. ఆ ఏడాదే చట్టమైంది. చట్టం పుస్తకాల్లో ఉండగానే క్యాపిటేషన్ అనే మాట డొనేషన్‌గా మారింది, తర్వాత మేనేజ్‌మెంట్ కోటా అయింది. 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకిచ్చిన అనుమతుల్ని హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవలోనే ఆయన ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. కళాశాలల వ్యవహారంలో ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిన రాష్ట్రం మాది. దింపింది మాత్రం ఓటరు కాదు, కోర్టు.

1993లో ఉన్నికృష్ణన్ కేసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే అది. సుప్రీంకోర్టు సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అంది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తులు ఆ పద్ధతిని తీసేశారు. కాలేజీ పెట్టుకోవడం పౌరుడి హక్కన్నారు. లాభాల వేట కూడదు, న్యాయమైన మిగులు ఉండొచ్చన్నారు. ఈ కేసులో మాకు ముల్లులా గుచ్చుకునే సంగతొకటుంది. అందులో వాదన నడిచింది ముప్పయ్యో అధికరణం చుట్టూ, అంటే మైనారిటీలు తమ విద్యాసంస్థలు తాము నడుపుకునే హక్కు చుట్టూ. మైనారిటీ హక్కు మీద మొదలైన వాదన ముగిసేసరికి ప్రైవేటు కాలేజీలన్నిటికీ ఫీజుల తలుపు తెరుచుకుంది. ఆ తలుపులోంచి లోపలికెళ్లినవాళ్లలో ఈద్గా వెనక మొహల్లావాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం. 2007లో ముస్లింలలో వెనకబడిన తెగలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. అంతకుముందు 2004లోనూ 2005లోనూ ఐదు శాతం ఇస్తే హైకోర్టు కొట్టేసింది. ఈ నాలుగు శాతాన్నీ 2010లో కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో బతికింది. ఆ రోజుల్లోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ బీసీలకీ మైనారిటీలకీ విస్తరించింది. ఈ రెండూ కలిసి చేసిన మేలుని మేం కాదనం. కాదంటే అబద్ధమవుతుంది. 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది: ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్లు నాలుగు శాతంకన్నా తక్కువ. అలాంటి ఇళ్లల్లోంచి, పంక్చర్ దుకాణాల్లోంచి, పండ్ల బండ్ల వెనకనుంచి ఇంజనీర్లు వచ్చారు. మా మొహల్లాలో గుమ్మం మీద ఇంగ్లీషు నేమ్‌ప్లేటు తగిలించిన మొదటి ఇల్లు ఒక సైకిల్ మెకానిక్‌ది. ఆ ఇంటిముందు ఆగి ఆ పేరు చదువుకుని కళ్లు తుడుచుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

కానీ మేలు జరిగింది కాబట్టి లెక్క అడగకూడదా? ఇక్కడే మా సెక్యులర్ మిత్రులతోనూ మా జమాత్ పెద్దలతోనూ మాకు పేచీ. రీయింబర్స్‌మెంట్ డబ్బు పోయేది కాలేజీకి. ఫీజు ఎంతన్నది మేం నిర్ణయించం. డబ్బు ఎప్పుడొస్తుందన్నది మేం నిర్ణయించం. ప్రభుత్వం కడుతుందన్న ధీమాతో కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో ఇంజనీరింగ్ కాలేజీలే ఏడువందలు దాటాయి. మేం బి.ఏ. చదివిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మా ఏడాది ఫీజు అబ్బాజాన్ దుకాణంలో రెండు రోజుల ఆదాయం. ఉర్దూ సెకండ్ లాంగ్వేజ్ చెప్పే లెక్చరర్ ఉండేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. ప్రభుత్వ కాలేజీ ఎండిపోతుంటే ప్రైవేటు కాలేజీకి ప్రభుత్వమే నీళ్లు పోసింది. ఆ నీళ్లు మోసుకెళ్లే కడవలమయ్యాం మేం.

మెల్లగా కడవకి చిల్లులు పడ్డాయి. తెలంగాణలో ఇంజనీరింగ్ చదివే బీసీ, మైనారిటీ పిల్లలకి పదివేలలోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, ఆ పైవాళ్లకి 35,000 రూపాయలే అని గీత గీశారు. కాలేజీ ఫీజు లక్ష దాటినా ఆ గీత అక్కడే. ఇక బకాయిలు. ఒక ప్రభుత్వం పెట్టిన బకాయి ఇంకో ప్రభుత్వానికి వారసత్వంగా వచ్చింది. 2025 నవంబరులో బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు కొన్నాళ్లు తలుపులే మూసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత వచ్చిన ప్రభుత్వం ఈ డబ్బుని విద్యాదీవెన పేరుతో తల్లుల ఖాతాల్లో వేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాల దారి పట్టింది. దారి ఏదైనా, డబ్బు ఆలస్యమైనప్పుడు వేధింపులు పడింది ఒక్కరే. ఆ పిల్ల.

మామూలు అప్పు సంగతి చూడండి. అప్పు చేసినవాడి వస్తువే తాకట్టులో ఉంటుంది. ఇక్కడ కాలేజీకి బాకీపడింది ప్రభుత్వం. తాకట్టులో ఉన్నది ఆ పిల్ల సర్టిఫికెట్. ఒకడి అప్పుకి ఇంకొకరి వస్తువు తాకట్టు. ఏ షావుకారైనా ఇది అన్యాయమంటాడు. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర ఉంచుకోకూడదని 2018లో యూజీసీయే చెప్పింది. అయినా ఆపుతున్నారు. మంత్రి సర్టిఫికెట్లు ఆపలేరు కాబట్టి మా పిల్ల సర్టిఫికెట్ ఆపుతారు. రోగం ఎక్కడో ఉంటే వాత ఇంకెక్కడో పెట్టడం అంటే ఇదే. ఇలాంటిది ఏళ్ల తరబడి నడుస్తున్నా ఎవరి ప్రభుత్వమూ పడిపోలేదంటే, అప్పు చేసినవాణ్ణి మేం పేరు పెట్టి పిలవలేదని అర్థం.

ఎందుకు పిలవలేదు? మాకు అందింది హక్కుగా అందలేదు, మెహర్బానీగా అందింది. పథకానికో పేరు, పేరు పక్కన ఓ ఫోటో. ఇచ్చినవాడి బొమ్మ ఉన్నచోట పుచ్చుకున్నవాడి తల దానంతటదే వంగుతుంది. తల వంచినవాడికి ఎదుటివాడి పాదాలే కనిపిస్తాయి, చేతిలోని చిట్టా కనిపించదు. హక్కుకి తేదీ ఉంటుంది, రసీదు ఉంటుంది, రాకపోతే అడిగే చోటు ఉంటుంది. మెహర్బానీకి ఇవేవీ ఉండవు. ఉండేది శుక్రియా ఒక్కటే. దాన్ని అయిదేళ్లకోసారి ఓటు రూపంలో చెల్లించాలి.

మా దీన్ మాకు నేర్పింది ఇది కాదు. అధికారం అమానత్ అని మేం చిన్నప్పట్నుంచీ విన్నాం. అమానత్ అంటే ఒకరి సొత్తు ఇంకొకరి దగ్గర దాచినది. దాచినవాడు ఎప్పుడైనా అడగొచ్చు. మసీదుల్లో చెప్పుకునే ఓ కథ ఉంది. అందరికీ తలా ఒక గుడ్డ పంచారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ మిన్బర్ మీద నిలబడి మాట్లాడబోతే, ఓ మనిషి లేచి, 'ముందు చెప్పు. నువ్వు పొడగరివి. ఒక్క గుడ్డతో నీకంత చొక్కా ఎలా అయింది?' అన్నాడట. ఖలీఫా కోప్పడలేదు. మేం నీకిదిచ్చాం అదిచ్చాం అనలేదు. కొడుకుని లేపి సాక్ష్యం చెప్పించాడు. తన వంతు గుడ్డ తండ్రికిచ్చానని కొడుకు చెప్పాడు. 'ఇప్పుడు చెప్పు, వింటాం' అన్నాడట ఆ మనిషి. ఈ కథని జుమ్మా రోజు విని తలూపే మేం, మా గల్లీలో ఓ తల్లి అలాగే లేచి అడిగితే చుప్ బైఠో అన్నాం.

దీనికి మా పెద్దమనిషి దగ్గర ఓ జవాబుంది. అది తేలిగ్గా కొట్టేసేది కాదు. మర్నాడు చాయ్ దుకాణంలో కలిసినప్పుడు ఆయనన్నాడు: 'మియా, నువ్వు చెప్పింది నిజమే. కానీ వీళ్లని నిలదీస్తే ఎవరు లాభపడతారో తెలుసా? ఆ ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో ఏమన్నారో వినలేదా?' విన్నాం. తమ పార్టీ అధికారంలోకి వస్తే ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2023 ఏప్రిల్‌లో అక్కడ అన్నారు. అంతకు కొన్ని నెలల ముందే, 2022 చివర్లో, కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేసింది. ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పూ ఆపేసింది. పెద్దమనిషి భయం ఊరికే పుట్టింది కాదు. ఇల్లే కాలుతుందేమో అన్నప్పుడు కిటికీకి రంగు సంగతి ఎవడడుగుతాడు?

అందుకే మా ఓటు మా దగ్గర ఎన్నడూ పూర్తిగా లేదు. దాన్ని ఎవరో గెలవకుండా ఉండడానికి వాడుకున్నాం. ఏదో రావడానికి వాడుకోలేదు. మమ్మల్ని ఓటు బ్యాంకు అంటారు. బ్యాంకు అంటే డబ్బు దాచుకున్నవాడికి పాస్‌బుక్ ఉంటుంది, వడ్డీ ఉంటుంది. మా బ్యాంకులో ఖాతా మా పేరున ఉంది, చెక్కుబుక్కు వాళ్ల చేతిలో ఉంది. 2014లో పన్నెండు శాతం రిజర్వేషన్ అన్నారు. 2017లో శాసనసభలో బిల్లు పాసయింది, ఢిల్లీకెళ్లింది, అమలుకి రాలేదు. 2023లో కాలేజీ ఫీజుల కోసం ఐదు లక్షల విద్యా భరోసా కార్డు అని మరొకరు గ్యారంటీ ఇచ్చారు. హామీ ఇవ్వడం అంటే పూచీపడడం. పూచీపడ్డవాణ్ణి నిలదీయడానికి కోర్టుల్లో పద్ధతుంది. ఎన్నికల హామీకి ఆ పద్ధతి లేదు. ఇచ్చినవాడి మనస్సాక్షి, అడిగేవాడి గొంతు ఈ రెండే ఆధారం. భయం ఆ గొంతునే పట్టుకుంది.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట చెప్పాలి. మీరు మా భయాన్ని అర్థం చేసుకున్నారు, అందుకు మీ చేతులు పట్టుకుంటాం. కానీ మా భయాన్ని ఎవరు వాడుకుంటున్నారో కూడా చూడండి. 'మమ్మల్ని అడిగితే వాళ్లొస్తారు' అనే మాట మతోన్మాది నోటినుంచి రాదు. మా మిత్రుడినని చెప్పుకునే పార్టీ నోటినుంచే వస్తుంది. ప్రాణానికి పూచీ, చదువుకి పూచీ రెండూ ఒకే పౌరుడికి ఒకే రాజ్యాంగం ఇచ్చినవి. మొదటిదానికి బదులుగా రెండోదాన్ని వదులుకోమనడం కాపలావాడు కంచంలో ముద్ద అడగడం లాంటిది. సెక్యులరిజం అంటే మమ్మల్ని బతకనివ్వడం వరకేనా? బతికినవాళ్లు ఫీజు గురించి అడగడం కూడా అందులో ఉందా, లేదా?

అయితే ఫీజు కోసమే ఓటరు కన్నెర్రజేసి శిక్షిస్తే పనవుతుందా? అలా శిక్షించిన చోటు ఒకటుంది. ఇంగ్లండులో 2010 ఎన్నికల ముందు లిబరల్ డెమొక్రాట్లు, ఫీజు పెంపుకి వ్యతిరేకంగా ఓటేస్తామని విద్యార్థుల ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాలు చేశారు. ప్రభుత్వంలో భాగస్వాములయ్యారు. అదే ఏడాది డిసెంబరులో ఏడాదికి 9,000 పౌండ్ల దాకా ఫీజుకి పార్లమెంటు ఒప్పుకుంది. సంతకాలు చేసినవాళ్లలో కొందరు దానికే ఓటేశారు. వాళ్ల నాయకుడు నిక్ క్లెగ్ 2012లో క్షమాపణ చెప్పాడు. 2015 ఎన్నికల్లో ఆ పార్టీ 57 సీట్లనుంచి 8కి పడిపోయింది. కారణాలు ఇంకా ఉన్నా, మాట తప్పిన మచ్చ పెద్దది. మరి ఫీజు తగ్గిందా? తగ్గలేదు. 2017కల్లా 9,250 పౌండ్లయింది. మనిషి పోయాడు, ఫీజు మిగిలింది. ఓడించడం, లెక్క తేల్చడం ఒకటి కావని మాకు అక్కడ అర్థమైంది. ఓడిపోయినవాడు బాకీ తీర్చకుండానే ఇంటికి పోతాడు. గెలిచినవాడు ఆ బాకీ నాది కాదంటాడు. మా బకాయిల కథా ఇదే కదా.

ఓటు ఒక్క బటను. దాని మీద ప్రాణభయం ఉంది, పింఛను ఉంది, రోడ్డుంది, కులముంది, కులంలో మావాడా కాదా ఉంది. ఇన్నిటి కింద ఫీజు అణిగిపోతుంది. కాబట్టి ఓటుతోనే లెక్క అడుగుదామనుకుంటే ఎప్పటికీ అడగలేం. అడగడం ఓటుకి ముందూ వెనకా జరగాలి. అయిదేళ్లలో ఒక్క రోజు కాదు, మిగిలిన రోజులన్నీ అడిగే రోజులే. అలా అడిగినవాడి ఓటుకే బరువుంటుంది. ఆ తల్లి గొంతెత్తింది ఎన్నికల ముందే అయినా, ఆమె అడిగింది ఎన్నికల తర్వాత కూడా నిలబడే ప్రశ్న. ఎప్పుడు? ఏ తేదీకి? ఎవరి సంతకంతో?

ఎదుటివాణ్ణి అనే ముందు మా గుమ్మం మేం ఊడ్చుకోవాలి. మైనారిటీ కాలేజీ అని బోర్డు పెట్టుకుని ఖౌమ్ పేరు చెప్పి డొనేషన్లు గుంజినవాళ్లు మాలో లేరా? వాళ్ల బకాయిల కోసం మా పిల్లల సర్టిఫికెట్లు వాళ్లూ ఆపలేదా? బయటి కాలేజీని నిలదీసే నోరు మా భాయ్ కాలేజీ గేటు దగ్గర మూతపడుతుంది. ముప్పయ్యో అధికరణం ఖౌమ్‌కిచ్చిన హక్కు, మేనేజ్‌మెంట్ జేబుకిచ్చింది కాదు. ఇంకొకటి. మా తరఫున మాట్లాడేవాళ్లు ఎవరు? షేర్వాణీలవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది సయ్యద్‌లు, పఠాన్లు. బీసీ-ఇలోకి రానివాళ్లు. దూదేకులవాళ్లు, ఫకీరు సాయిబులు, మెహతర్లు వేదిక కింద ఉంటారు. ఫీజు నొప్పి కింద, మైకు పైన. అడగాల్సినవాళ్లకి మైకు లేదు, మైకున్నవాళ్లకి అవసరం లేదు. ఆ రాత్రి మా గల్లీలో జరిగింది ఇదే. పైగా ఆమె ఆడది. పరదా వెనకనుంచి వచ్చిన ప్రశ్న కాబట్టి కసరడం ఇంకా తేలికైంది.

మేం ముస్లింలుగా అడుగుతున్నామా, పౌరులుగా అడుగుతున్నామా అని ఓ మిత్రుడు అడిగాడు. రెంటినీ విడదీయమనడమే మమ్మల్ని బలహీనపరుస్తుంది. మాదిగ గూడెంలో పిల్లాడి సర్టిఫికెట్టూ, చాకలి వీధిలో పిల్ల సర్టిఫికెట్టూ అదే బీరువాలో ఉన్నాయి. బీరువాకి మతం లేదు. కానీ ఆ బీరువా దగ్గరికి నడిచే దారిలో మాకొక్కళ్లకే ఎదురయ్యే మాట ఒకటుంది: 'మీకు ఇంకా ఏం కావాలి?' ఆ మాట విన్నవాళ్లుగా ముస్లింలం. బీరువా ముందు నిలబడ్డవాళ్లుగా పౌరులం. దళిత, బహుజన పిల్లల పక్కన నిలబడి అడిగిన రోజున మా ప్రశ్న మెహర్బానీ భాషలోంచి బయటపడుతుంది. ఒంటరిగా అడిగితే మాంగ్నా అనిపించేది, పదిమందితో అడిగితే పూఛ్నా అవుతుంది.

అడగాల్సింది పెద్ద తాత్విక ప్రశ్నేం కాదు. ఈ ఏడాది మా కాలేజీకి ప్రభుత్వం ఎంత బాకీ ఉంది? ఆ అంకె కాలేజీ నోటీసు బోర్డు మీద ఎందుకు లేదు? ఫీజు పెంచమని కాలేజీ చూపించిన ఖర్చేమిటి? ఆ కాగితం విద్యార్థి తల్లిదండ్రులు చూడొచ్చా? ప్రభుత్వ బాకీకి పిల్లల సర్టిఫికెట్లు ఆపకుండా శాసనసభలో మా ఎమ్మెల్యే ఒక్క ప్రశ్నయినా వేశాడా? ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఖాళీలెన్ని? జవాబు రాకపోతే మళ్లీ నెలకి అదే ప్రశ్న. ఇఫ్తార్ విందుకి టోపీ పెట్టుకుని వచ్చినప్పుడు ఖర్జూరంతోపాటు ఈ కాగితమూ చేతికివ్వాలి. మర్యాదగానే. మెహమాన్‌ని గౌరవించడం మాకు తెలుసు. అమానత్ గురించి అడగడం అగౌరవం కాదని కూడా తెలియాలి.

ఇది రాస్తూ ఆ తల్లి గుమ్మం ముందునుంచి చాలాసార్లు నడిచాం. కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ పిల్ల చివరికి ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది, సర్టిఫికెట్ అడగని జీతానికి. మొన్న ఆ తల్లి మమ్మల్ని ఆపింది. 'భాయ్, ఆ రాత్రి మీరు రాసుకుంటూ కనిపించారు. నేను అడిగింది పేపర్లో వచ్చిందా?' అంది. మా దగ్గర జవాబు లేదు. నాయకుడికి ఒక్కడికే జవాబుదారీ ఉంటుందనుకుంటూ వచ్చాం. ఆమె చిట్టాలో మా పేరూ ఉంది.

అందుకే ఆ రాత్రి రాయని వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాం. 2023 నవంబరులో, మా ఈద్గా వెనక మొహల్లాలో, బట్టలు కుట్టుకునే ఓ తల్లి శాసనసభ అభ్యర్థిని అడిగింది: సాబ్, మా అమ్మాయి సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?